మబ్బుకి కాంటా ఎవరు పెడతారు?

"క్యాలిబ్రేషన్‌లో ఏముందండీ, గుమాస్తా పని. డిజైన్ చేసేవాడే అసలు ఇంజనీరు."

విదేశీ ఇంజన్ కంపెనీలకి హైదరాబాదులో కూర్చుని డ్రాయింగులు గీసిపెట్టే మిత్రుడొకాయన మొన్నామధ్య అన్న మాట ఇది. ఆయనొక్కడే అని ఉంటే నవ్వేసి ఊరుకునేవాణ్ణి. కానీ మన పేపర్లు, మంత్రులు, ఇంజనీరింగ్ కాలేజీల వాళ్ళు కూడా వేరే మాటల్లో ఇదే అంటున్నారు. ఆదిభట్లలో లీప్ ఇంజన్ల భాగాలు తయారవుతున్నాయి. 2025 నవంబరులో శంషాబాదులో అవే ఇంజన్ల మరమ్మతు కేంద్రం తెరిచారు. ఇంకేం, విమాన ఇంజన్ల రాజధాని అయిపోయాం అని ఒకటే సంబరం. సంతోషమే, నేనేం కాదనట్లేదు. ఉద్యోగాలొస్తాయి, పనితనం వస్తుంది.

కాకపోతే ఇంజన్‌కి భాగం చెయ్యడం వేరు, ఆ ఇంజన్ ఆకాశంలో ఆగిపోదు అని సంతకం పెట్టగలగడం వేరు. మొదటిదానికి మెషీన్లు కావాలి. రెండోదానికి కొలత కావాలి. ఆ కొలత మన చేతిలో లేదు. లేదన్న బాధ కూడా మనకి లేదు. నా గొడవంతా దాని గురించే.

ముందు నేలమీద సంగతి చూద్దాం. జగిత్యాల, కోరుట్ల వైపు వడ్ల కొనుగోలు కేంద్రంలో ఒక పూట నిలబడితే క్యాలిబ్రేషన్ అంటే ఏంటో ఏ ప్రొఫెసరూ చెప్పక్కర్లేదు. వడ్లలో తేమ 17 శాతం దాటకూడదని రూలు. పిడికెడు గింజలు తేమ మిషన్లో పోస్తారు, ఒక అంకె వస్తుంది. "మిషిన్ల పద్దెనిమిదిన్నర అచ్చింది, ఇంకో రెండొద్దులు ఆరబెట్టు" అంటారు. రైతు అడిగే మొదటి ప్రశ్న: "మల్ల నీ మిషిన్ను ఎవలు సూసిండ్రు?"

ఎంత మంచి ప్రశ్నో చూడండి! ఆ మిషన్ తేమని నేరుగా కొలవదు. గింజల గుండా కరెంటు గుణం ఎలా మారుతుందో చూసి, లోపలున్న లెక్క ప్రకారం తేమ ఇంత అని ఊహించి చెబుతుంది. వడ్ల రకం మారినా, ఎండకి గింజ వేడెక్కినా అంకె మారుతుంది. నిజం తెలియాలంటే గింజల్ని తూచి, ఓవెన్‌లో పూర్తిగా ఆరబెట్టి, మళ్ళీ తూచాలి. ఆ తేడాయే అసలు తేమ. దానితో మిషన్ అంకెని సరిపోల్చి దిద్దడమే క్యాలిబ్రేషన్. ఎలక్ట్రానిక్ కాంటాకి ఏడాదికోసారి తూనికలు కొలతల శాఖ ముద్ర వెయ్యాలని చట్టం పెట్టుకున్నదీ అందుకే. సిరిసిల్లలో సాంచా నడిపేవాళ్ళని అడిగినా ఇదే చెబుతారు. అంగుళంలో ఎన్ని పోగులున్నాయో భూతద్దం పెట్టి లెక్కపెట్టేవాడి లెక్క తప్పితే, నేసినవాడి కూలీ తప్పుతుంది.

అంటే కొలత గుమాస్తా పని కాదు, ఎవరి మాట చెల్లుతుందో తేల్చే పని. కాంటా ఎవడి చేతిలో ఉంటే బేరం వాడిది. వడ్ల దగ్గర ఇంత తెలివిగా ఉండే మనం, విమానం దగ్గరికి వచ్చేసరికి "అమెరికావాడు చూసుకున్నాడులే" అని ఎందుకు ఊరుకుంటున్నాం?

ఇప్పుడు మబ్బు సంగతి. విమానానికి మంచు అనగానే మనవాళ్ళకి వడగళ్ళు గుర్తొస్తాయి. వాటికి వేరే పరీక్షలున్నాయి. ఇక్కడ మాట్లాడేది అంతకంటే మాయదారి సరుకు. మబ్బులో నీటి బిందువులు సున్నా డిగ్రీల కంటే చల్లబడ్డా గడ్డకట్టకుండా నీళ్ళలాగే ఉండగలవు. ఏదైనా తగిలిన మరుక్షణం గడ్డకడతాయి. రెక్క అంచు మీద, ఇంజన్ ముందు ఫ్యాన్ మీద అలాగే మంచు పేరుకుంటుంది. ఆ మంచు విరిగి లోపలికి పోతే బ్లేడ్లు దెబ్బతింటాయి, ఒక్కోసారి మంట ఆరిపోతుంది. అందుకని ప్రతి కొత్త ఇంజన్‌నీ మంచు మబ్బులో నడిపి చూపించాలి. కావలసినప్పుడు కావలసిన మబ్బు ఆకాశంలో దొరకదు కాబట్టి పరీక్షశాలలోనే మబ్బుని తయారుచేస్తారు. చల్లటి గాలి సొరంగంలో వరసగా నాజిళ్ళు పెట్టి, గాలినీ నీళ్ళనీ ఒత్తిడితో కలిపి పిచికారీ చేస్తారు. మన మందు కొట్టే పంపు లాంటిదే, కాకపోతే కొన్ని వందల రెట్లు నాజూకైనది.

మరి ఆ పిచికారీ నిజంగా మబ్బేనా? ఎవరు చెప్పాలి? అసలు కథ ఇక్కడే ఉంది.

మూడు సంగతులు తేలాలి. ఒకటి, ఘనమీటరు గాలిలో ఎన్ని గ్రాముల నీళ్ళున్నాయి. రెండు, బిందువుల సైజు ఎంత. మూడు, సొరంగం మధ్యలో ఉన్న మబ్బే అంచుల దగ్గరా ఉందా. మొదటిదానికి ఒక పాత పద్ధతి ఉంది, నాకు భలే నచ్చుతుంది. సన్నటి లోహపు బద్దని మబ్బులో కొన్ని సెకన్లు పెట్టి తీసి, దాని అంచున పేరుకున్న మంచు మందాన్ని చల్లబరిచిన మైక్రోమీటరుతో కొలుస్తారు. లెక్క మనమూ వెయ్యొచ్చు. గాలి వేగం సెకనుకి 100 మీటర్లు, ఘనమీటరుకి 1 గ్రాము నీళ్ళు, 20 సెకన్లు అనుకోండి. బద్ద అంచుని తాకే నీళ్ళు చదరపు మీటరుకి 2,000 గ్రాములు. మంచుగా మారితే మందం 2 మిల్లీమీటర్ల పైచిలుకు. ఆ కొలతలో 0.2 మిల్లీమీటరు తేడా వస్తే మబ్బులో నీళ్ళ లెక్క దాదాపు పదో వంతు తప్పినట్టే. చెయ్యి వణికితే మబ్బు మారిపోతుంది!

బిందువుల సైజు ఇంకా మొండిది. లేజరు కిరణం గుండా బిందువు పోతున్నప్పుడు వెలుతురు ఎంత చెదిరిందో చూసి సైజు చెప్పే పరికరాలున్నాయి. వాటిని సైజు తెలిసిన గాజు పూసలతో దిద్దుతారు. కానీ గాజు వెలుతురుని వంచే తీరు వేరు, నీళ్ళ తీరు వేరు. దానికో సవరణ వెయ్యాలి. బిందువులో నీళ్ళు వ్యాసానికి ఘనంగా పెరుగుతాయని గుర్తుపెట్టుకోండి. 20 మైక్రాన్ల బిందువు కంటే 40 మైక్రాన్ల బిందువులో నీళ్ళు ఎనిమిది రెట్లు. పరికరం సైజుని 20 శాతం ఎక్కువ చూపిస్తే నీళ్ళు 73 శాతం ఎక్కువ చూపించినట్టు. ఐసింగ్ సొరంగాలకి ప్రపంచమంతా వాడే సిఫారసు పత్రం ఒకటుంది. పరీక్ష జరిగే చోట నీళ్ళ పరిమాణం అటూ ఇటూ 20 శాతం తేడాతో ఉన్నా ఒప్పుకుంటుంది. అంత జాగ్రత్తపరులే ఇరవై శాతం వదులుకున్నారంటే ఈ పని ఎంత కష్టమో అర్థం చేసుకోండి.

ఇక ఏ మబ్బుని తయారుచెయ్యాలి అన్న ప్రశ్న. అమెరికా రూల్స్‌లో అపెండిక్స్ సి అని ఒకటుంది. చాలాకాలం ప్రపంచమంతా దాన్నే పట్టుకుని నడిచింది. బిందువులు 15 నుంచి 40 మైక్రాన్లు, కుప్పల మబ్బుల్లో అయితే 50 దాకా. ఇంత చలిలో ఇన్ని గ్రాముల నీళ్ళు అని పటాలు గీసి ఉంటాయి. ఆ పటాలకి ఆధారం 1940లలో అమెరికా విమానాలు తమ ఆకాశంలో తిరిగి తెచ్చిన కొలతలు. అప్పటి పరికరాలు తిరిగే లోహపు గొట్టాలు. ఆ రోజులకి అది గొప్ప పని, నమస్కారం పెట్టాల్సిందే. కానీ ఆ పటం గీతలు దాటి మబ్బులు ఉండవని ఎవరు చెప్పారు?

ఎవరూ చెప్పలేదు. మబ్బులే వచ్చి కాదని చెప్పాయి, అదీ మూడుసార్లు.

1994 అక్టోబరు 31న అమెరికాలో రోజ్‌లాన్ దగ్గర ఏటీఆర్ 72 విమానం కూలి 68 మంది పోయారు. ఆ రోజు ఆ మబ్బులో పటం చెప్పిన 50 మైక్రాన్ల కంటే చాలా పెద్ద బిందువులున్నాయి. మంచు తీసే రబ్బరు తొడుగు ఎక్కడిదాకా ఉందో, దాని వెనక మంచు పేరుకుంది. విమానానికి సర్టిఫికెట్ ఉంది. పరీక్షలో తప్పు లేదు. పరీక్షించిన మబ్బు వేరు, ఎదురైన మబ్బు వేరు.

2009 జూన్ 1న అట్లాంటిక్ మీద ఎయిర్ ఫ్రాన్స్ 447. 228 మంది. వేగం కొలిచే పిటో గొట్టాల్లోకి మంచు స్ఫటికాలు చేరి కాసేపు మూసుకుపోయాయి, వేగం అంకెలు పోయాయి, తర్వాత జరిగింది లోకానికంతా తెలుసు. పైలట్ల పొరపాట్ల గురించి బోలెడు రాశారు. కానీ ఆ గొట్టాలు పాసైన పరీక్షలు అంత ఎత్తులో ఉండే అలాంటి స్ఫటికాల మబ్బుని చూపించనే లేదు.

మూడోది మనకి దగ్గరిది. 2013లో జీఈ కంపెనీ జీఈఎన్ఎక్స్ ఇంజన్లకి, ఏప్రిల్ నుంచి నవంబరు లోపు, ఆరుసార్లు పెద్ద ఎత్తులో శక్తి తగ్గిపోయింది. అయిదు 747-8లు, ఒక 787. నవంబరులో బోయింగు 15 ఎయిర్‌లైన్లకి హెచ్చరిక పంపింది. స్ఫటికాలుండే ఉరుముల మబ్బులకి కనీసం 50 నాటికల్ మైళ్ళ దూరంలో ఉండండి అని. జపాన్ ఎయిర్‌లైన్స్ ఏ రూట్ల నుంచి 787లని తీసేసిందో తెలుసా? టోక్యో - సింగపూర్ ఒకటి. రెండోది టోక్యో - ఢిల్లీ. జపాన్‌వాడికి మన దారిలో మబ్బులంటే భయమేసింది. ఎయిర్ ఇండియా 787లవీ అవే ఇంజన్లు. అప్పట్లో మన దగ్గర ఈ విషయం మీద ఎంత చర్చ జరిగింది? నాకైతే గుర్తులేదు, అంటే పెద్దగా జరగలేదనే.

ఈ స్ఫటికాల తంతు విచిత్రంగా ఉంటుంది. బయట చలి మైనస్ నలభై, యాభై. స్ఫటికాలు పిండిలాగా పొడిగా ఉంటాయి. చల్లటి రెక్క మీద పడితే ఎగిరి పోతాయి, అంటుకోవు. విమానం రాడార్‌లోనూ సరిగ్గా కనబడవు. ఇంజన్ లోపల, కంప్రెసర్‌లో గాలి వేడెక్కిన చోట మాత్రం కొంచెం కరిగి బ్లేడ్లని తడిచేస్తాయి. ఆ తడికి వెనకొచ్చేవి అంటుకుంటాయి, లోహాన్ని చల్లబరుస్తాయి, మంచు కడుతుంది. వేడిగా ఉన్న చోటే మంచు కట్టడం! 2006లో బోయింగు, కెనడా, హనీవెల్ వాళ్ళు కలిసి రాసిన పేపరు ఇలాంటి శక్తి తగ్గుదలలు అరవైకి పైగా ఉన్నాయని బయటపెట్టేదాకా చాలామంది నమ్మలేదు. జీఈ తన ఇంజన్లని చివరికి సాఫ్ట్‌వేర్‌తో బాగుచేసింది. స్ఫటికాలున్నట్టు గుర్తుపట్టి, గాలి బయటికి వదిలే తలుపులు తెరిచి మంచుని ఊదేసే కోడు. మా సాఫ్ట్‌వేరోళ్ళు కాలరెగరేసుకోవాల్సిన సంగతే :) కాకపోతే ఎప్పుడు తలుపు తెరవాలో ఆ కోడుకి చెప్పింది ఎవరు? కొలతలు.

వాళ్ళు ఊరికే కూర్చోలేదు. ఓహయోలో నాసా పరీక్షశాలలో పూర్తి ఇంజన్‌ని పెట్టి, ఎత్తులో ఉండే చలినీ పలచటి గాలినీ సృష్టించి, స్ఫటికాల మబ్బులో నడిపి, శక్తి తగ్గుదలని నేలమీదే మళ్ళీ పుట్టించారు. నీళ్ళ కోసం చేసిన పరికరాలు స్ఫటికాలకి పనికిరావని తెలుసుకున్నారు. వేడి తీగ మీద నీటి బిందువు ఆవిరవుతుంది, లెక్క వస్తుంది. స్ఫటికం తగిలి ఎగిరి పోతుంది, లెక్క తక్కువొస్తుంది. సైజు చూసే పరికరాల కొమ్ములకి తగిలి స్ఫటికాలు ముక్కలై, లేని చిన్న స్ఫటికాల్ని ఉన్నట్టు చూపించాయి. కొమ్ముల ఆకారమే మార్చాల్సి వచ్చింది. దశాబ్దాలుగా పేర్చుకున్న అంకెల్ని అనుమానించాల్సి వచ్చింది. 2015 జనవరి నుంచి స్ఫటికాల మబ్బుకీ, పెద్ద బిందువులకీ కొత్త రూల్స్ అమల్లోకి వచ్చాయి. ఆ స్ఫటికాల పటం మొదట ఎక్కువగా సిద్ధాంతంతో గీసిందే కాబట్టి, నిజమో కాదో తేల్చుకోడానికి 2014లో ఆస్ట్రేలియాలో డార్విన్, 2015లో దక్షిణ అమెరికాలో కయెన్, అదే ఏడాది ఫ్లోరిడా నుంచి విమానాలేసుకుని ఉరుముల మబ్బుల్లో దూరారు.

డార్విన్, కయెన్, ఫ్లోరిడా. ఈ జాబితాలో బంగాళాఖాతం లేదు. అరేబియా సముద్రం లేదు. దేశాన్నంతా నాలుగు నెలలు కప్పేసే రుతుపవనాల మబ్బు లేదు.

ఎవరిని తప్పుపట్టాలి? వాళ్ళనా? వాళ్ళ డబ్బుతో వాళ్ళకి వీలైన చోట కొలుచుకున్నారు. మన మబ్బుని మనం కొలుచుకోవాలి.

మన దగ్గర మనుషుల్లేక కాదు. 2009లో పుణెలోని ఐఐటీఎం సంస్థ కైపీక్స్ పేరుతో విమానంలో పరికరాలు పెట్టి మబ్బుల్ని కొలవడం మొదలెట్టింది. ఆ విమానం దిగి ఎగిరిన ఊళ్ళలో మన హైదరాబాదూ ఒకటి. లేజరు పరికరాలు, వేడి తీగలు - సొరంగంలో మబ్బుని దిద్దే సరంజామా లాంటిదే. అయితే వాళ్ళ ప్రశ్న వేరే. మబ్బు వర్షంగా ఎలా మారుతుంది, మందు చల్లితే ఎక్కువ కురుస్తుందా అన్నది. మంచి ప్రశ్నే. ఉమ్మడి రాష్ట్రంలో 2004 నుంచి కొన్నేళ్ళు మేఘమథనం అని విమానాలు తిప్పిన రోజులు గుర్తున్నాయా? విమానం వెళ్ళింది, వాన పడింది, కాబట్టి మా వల్లే పడింది! మరి వెళ్ళకపోతే ఎంత పడేది? ఆ రెండో అంకె లేకుండా మొదటి అంకెకి విలువేముంది? తర్వాత షోలాపూర్‌లో ఐఐటీఎం వాళ్ళు మందు చల్లిన మబ్బుల్నీ చల్లనివాటినీ పోల్చి చూసే పద్ధతిలో చేశారు. అదీ పని అంటే. ఆ విమానాలు, ఆ మనుషులు, ఆ అనుభవం ఇంజన్ల ప్రశ్నకి ఎందుకు వాడుకోకూడదు?

ఇంకోవైపు కావేరి ఇంజన్ చూడండి. 1989లో మొదలైన ప్రాజెక్టు. ఎత్తులో ఎలా నడుస్తుందో చూడ్డానికి రష్యాకి మోసుకెళ్ళారు. 2010 నవంబరులో రష్యాలోనే ఐఎల్-76 విమానానికి తగిలించి ఎగరేశారు. ఇంజన్ ఎందుకు అనుకున్నట్టు రాలేదో బ్లేడ్ల లోహం దగ్గర్నుంచి మొదలెట్టి అందరూ చెబుతారు. నేను అడిగేది ఒక్కటే. సొంత ఎద్దుని పక్కూరివాడి కాంటా మీద తూయించుకోవాల్సి వస్తే, ఆ ఎద్దు సంగతి ముందుగా ఎవడికి తెలుస్తుంది?

ఇక నాకు ఎదురయ్యే మూడు వాదనలు.

మొదటిది, "ఇప్పుడంతా సిమ్యులేషన్, సొరంగాలెందుకు?" ఇది మా సాఫ్ట్‌వేర్ వాళ్ళే ఎక్కువ అంటారు, అందుకే నాకు ఎక్కువ మండుతుంది. కోడు సరిగ్గా చెబుతోందని మీకెలా తెలుసు? పరీక్షతో పోల్చి. పరీక్షలో మబ్బు సరైనదని ఎలా తెలుసు? క్యాలిబ్రేషన్‌తో. స్ఫటికం ఎంత కరిగితే అంటుకుంటుంది, ఎంత ఎగిరిపోతుంది అన్నవి కోడులో ఎవరో ఒకరు పెట్టే అంకెలు. విత్తొకటి వేస్తే మొక్కొకటి మొలుస్తుందా? తప్పుడు మబ్బుతో దిద్దిన కోడు తప్పుని ఇంకా వేగంగా, రంగురంగుల బొమ్మలతో చెబుతుంది, అంతే.

రెండోది, "అమెరికా, యూరప్ సర్టిఫికెట్ ఉందిగా, మనం మళ్ళీ ఎందుకు?" సర్టిఫికెట్ ఉన్నా జరిగినవే పైన చెప్పిన మూడూ. వాళ్ళది మోసం అనట్లేదు. వాళ్ళు చూసిన మబ్బుకి వాళ్ళు పూచీ. విమానం ఎక్కాలంటే భయపడమనీ చెప్పట్లేదు. విమానం చాలా భద్రమైన ప్రయాణమే. కానీ అది భద్రమైంది ఎవరో కొలిచినందుకే, తప్పు దొరికినప్పుడు మళ్ళీ కొలిచినందుకే. ఆ కొలిచేవాళ్ళలో మనం ఉండక్కర్లేదా? జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల - ఇంటికొకరు దుబాయో, దోహానో, మస్కట్టో పోయిన ఊళ్ళివి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఆ విమానాలన్నీ రుతుపవనాల మబ్బుల పక్కనుంచో పైనుంచో అరేబియా సముద్రం దాటాల్సిందే. ఆ మబ్బు లెక్క తెలుసుకోవాల్సిన అవసరం అందరికంటే ముందు మనకే ఉంది.

మూడోది, "పేద దేశం, అంత డబ్బు ఎక్కడిది?" నాసా స్థాయి పరీక్షశాల రేపే కట్టమని ఎవరూ అనట్లేదు. మొదటి మెట్టు మబ్బుని కొలవడం. విమానాలు మన దగ్గర లేనివి కావు. రెండో మెట్టు, పరికరాల్ని దిద్దుకునే చిన్న గాలి సొరంగం. మూడో మెట్టు, వచ్చిన అంకెల్ని అందరికీ కనబడేలా పెట్టడం, ఎంత తేడా ఉండొచ్చో దానితో సహా. ఇది కోట్లతో కంటే ఓపికతో అయ్యే పని.

అసలు అడ్డం డబ్బు కాదండీ, మన బుర్ర. ఇంజనీరింగ్ కాలేజీ లాబుల్లో జరిగేది అందరికీ తెలుసు. సీనియర్ల రికార్డు ముందు పెట్టుకుని, గ్రాఫు గీత మీద చుక్కలు సరిగ్గా పడేలా రీడింగులు "సర్దుతారు". గీతకి దూరంగా చుక్క పడితే మార్కులు పోతాయి. ఆ దూరంగా పడిన చుక్క ఎందుకు పడింది అని అడిగిన పిల్లవాణ్ణి ఒక్కణ్ణి మెచ్చుకున్న లాబు చూపించండి నాకు. రోజ్‌లాన్ అలాంటి చుక్కే. 2013లో ఆ ఆరు ఘటనలూ అలాంటి చుక్కలే. గీతకి సరిపోని చుక్కని చెరిపేసే అలవాటున్నవాడు మబ్బుని ఎప్పటికీ కొలవలేడు. వాడు డ్రాయింగులు బాగా గీస్తాడు, అంకెలు మాత్రం ఇంకొకడిచ్చినవి రాసుకుంటాడు.

అందుకే మా మిత్రుడికి నా సమాధానం ఇదీ. డిజైన్ చేసేవాడు ఇంజన్ ఇలా నడవాలి అని కోరుకుంటాడు. క్యాలిబ్రేషన్ చేసేవాడు ఆ కోరిక నిజమా కాదా అని తేలుస్తాడు. ఇద్దరిలో ఎవరు గుమాస్తానో మీరే చెప్పండి. రాజధాని సంబరాలు చేసుకునే పెద్దలకి మాత్రం వడ్ల కుప్ప దగ్గర రైతు అడిగే ప్రశ్నే నాదీ. ఇంజన్ సరే, సర్టిఫికెట్ సరే, మల్ల మా మీది మబ్బును ఎవలు సూసిండ్రు?